వెండి జీను అక్కర్లేదు

గుర్రాన్ని ఎంత ముస్తాబు చేసినా మార్కులు పెరగని పోటీ ఒకటుంది. గిట్టలకి పాలిష్ కొట్టకూడదు. జూలు జడలల్లకూడదు. తోకకి సవరం కట్టకూడదు. అవును, గుర్రాలకీ సవరాలుంటాయి, మొదట విన్నప్పుడు నేనూ నవ్వాను. చెవుల్లోపలి వెంట్రుకలు కత్తిరించకపోతేనే మంచిదని రూల్ బుక్కులో రాసుంటుంది. జీనుకి వెండి తాపడం చేయించుకుంటే మీ ఇష్టం గానీ, పనికొచ్చే మామూలు జీను కంటే దానికి ఒక్క అర మార్కు కూడా ఎక్కువ రాదు.

దీని పేరు రాంచ్ రైడింగ్. పశువుల రాంచ్‌లో రోజంతా పనిచేసే గుర్రం ఎలా నడుస్తుందో, ఎలా పరిగెడుతుందో, ఎలా ఆగుతుందో చూపించడమే పోటీ. మే నెలాఖర్లో నేనూ పేరిచ్చా. ఇక్కడ పోటీలో ఒక్కో విభాగాన్ని క్లాస్ అంటారు. మూడు రాంచ్ క్లాసులకి తలా 15 డాలర్లు, ఆఫీసు ఫీజు ఇంకో 10. మొత్తం 55 డాలర్లు. డాలస్‌లో ఒక పెద్ద హీరో సినిమాకి నలుగురం ప్రీమియర్ షోకి వెళ్తే ఇంతకంటే ఎక్కువవుతుంది.

ఈ కాలమ్ కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను ఫ్రిస్కోలో ఉంటా. సోమవారం నుంచి శుక్రవారం దాకా పేమెంట్ల సాఫ్ట్‌వేర్ వెనకాల ఉండే కోడ్ రాస్తా. ఇక్కణ్ణుంచి ఉత్తరంగా కాస్త దూరం కారు నడిపితే ఆబ్రే, పైలట్ పాయింట్. అపార్ట్‌మెంట్లు తగ్గిపోయి కంచెలు, కంచెల వెనక గుర్రాలు మొదలవుతాయి. రెండేళ్ల కింద స్వారీ నేర్చుకోవడానికి అటు వెళ్లా, ఆ తర్వాత మానలేదు. మా అమ్మ ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో ఇప్పటికీ అదే ప్రశ్న వేస్తుంది. "ఏంటే, ఇంజనీరింగ్ చదివించి, అప్పు చేసి ఎమ్మెస్‌కి పంపిస్తే అక్కడ గుర్రపు లద్దె ఎత్తుతున్నావా?" ఎత్తుతున్నా అమ్మా. వారానికి మూడు రోజులు.

ఆ మూడు రోజులూ బిస్కెట్‌వి. బిస్కెట్ నాది కాదు, సగం లీజు. ఊళ్లో దూడని పాలికిచ్చినట్టు, ఖర్చులో సగం నేను పెట్టుకుంటా, వారంలో సగం రోజులు నేను ఎక్కుతా. వయసు 17. మన ఎద్దుల్లాగే విత్తులు కొట్టించిన మగ గుర్రం. ఇటుకరంగు ఒళ్లు, ఎడమ కంటి పైన పాత గాటు. ఏ జాతి అని రాసిన కాగితం లేదు. చూస్తే క్వార్టర్ హార్స్‌లా ఉంటాడు, అంతే చెప్పగలం. పన్నెండేళ్లు పిల్లల సమ్మర్ క్యాంపులో పనిచేశాడు. ముందు గుర్రం తోక చూసుకుంటూ వెనకాల నడవడం వాడి ఉద్యోగం.

వాడి యజమాని స్కూల్ బస్సు నడిపి రిటైరైన డెబ్భై ఏళ్లావిడ. ఈ ఏడాది మోకాలి ఆపరేషన్ అయింది. ఎండాకాలం అయిపోయేలోపు వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. బిస్కెట్‌ని అమ్మాలి. "నువ్వే తీసుకోరాదూ" అని నన్నే అడిగారు. గుర్రాలు బాగా చూసుకుంటే పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతాయి. నా వీసా సంగతి మీకు తెలుసు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులు. అలాంటి దాన్ని నమ్ముకుని పదేళ్ల పైన తిండి పెట్టాల్సిన ప్రాణిని కొననని ఆవిడకి చెప్పేశా.

మరి వయసైన, కాగితాల్లేని, అందగాడు కాని గుర్రాన్ని ఎవరు కొంటారు? వారపు సంతలాంటి వేలంపాటలున్నాయి. అక్కడ గుర్రాన్ని బరువు లెక్కన కొనేవాళ్లూ ఉంటారు. అమెరికాలో ఇప్పుడు గుర్రపు కబేళాలు నడవడం లేదు. మిగిలిన మూడూ 2007లో మూతపడ్డాయి. ఆ మూడింట్లో రెండు ఈ డాలస్, ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కలే ఉండేవి. కానీ కబేళాలు మూతపడినంత మాత్రాన బేరం ఆగలేదు. లారీలు సరిహద్దు దాటి మెక్సికోకి వెళ్తున్నాయి. టెక్సస్‌కి ఆ సరిహద్దు పక్కనే.

ఈ మాట బార్న్‌లో ఎవరూ గట్టిగా అనరు. మా ట్రైనర్ కూడా అనలేదు. ఆవిడ అన్నది ఒకటే: "వాణ్ణి ఓపెన్ షోకి తీసుకెళ్దాం. నలుగురూ చూడనీ. చేతిలో ఒక స్కోర్ షీట్ ఉండనీ."

ఓపెన్ షో అంటే ఏ జాతి గుర్రమైనా రావొచ్చు, ఏ సంఘంలోనూ మెంబర్ కానక్కర్లేదు. పెద్ద షోల సంగతి వేరు. అక్కడికెళ్లాలంటే గుర్రానికి రిజిస్ట్రేషన్, మనకి మెంబర్‌షిప్. రాంచ్ క్లాసులకి మాత్రం చాలా ఓపెన్ షోలు అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ రూల్ బుక్కునే వాడుకుంటాయి. 1940లో ఫోర్ట్ వర్త్‌లో పుట్టిన సంఘం అది, తర్వాత ఆఫీసు అమరిల్లోకి మారింది. పావు మైలు, అంటే ఓ నాలుగొందల మీటర్లు, పరుగులో ఎవరికీ అందవు కాబట్టి ఆ జాతికి క్వార్టర్ హార్స్ అని పేరు. 1941లో ఫోర్ట్ వర్త్ స్టాక్ షోలో గెలిచిన మగ గుర్రానికి రిజిస్టర్‌లో మొదటి నంబర్ ఇస్తామన్నారు. కింగ్ రాంచ్ నుంచొచ్చిన గుర్రం గెలిచింది. అంటే జాతి పుస్తకంలో ఒకటో నంబర్ కూడా రాంచ్ గుర్రానిదే. దాని పేరు వింపీ. అంత ఘనకార్యానికి అంత చిన్న పేరా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఓపెన్ షోలో అందరికీ కావాల్సిన కాగితం ఒకటే. కాగిన్స్ టెస్ట్. గుర్రాల్లో రక్తం ద్వారా పాకే ఒక వైరస్ జబ్బుంది, మందు లేదు, టీకా లేదు. ఈగలు ఒకదాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే అంటుకుంటుంది. 1970 ప్రాంతంలో లెరాయ్ కాగిన్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త దానికి రక్తపరీక్ష కనిపెట్టాడు, ఆయన పేరే పరీక్షకి ఉండిపోయింది. టెక్సస్‌లో గుర్రాలు నలుగురిలోకి రావాలంటే పన్నెండు నెలల్లోపు చేయించిన ఆ రిపోర్టు చూపించాలి. గుర్రానికి వీసా స్టాంపింగ్ అనుకోండి. నాకంటే వాడికే త్వరగా వచ్చింది.

ఇక అసలు ఆట. రాంచ్ రైడింగ్‌లో పశువులుండవు. అరేనాలో జడ్జి, నేల మీద నాలుగు కర్రలు, గుర్రం, మనం. ఒక్కొక్కరే వెళ్లాలి. ఏ కదలిక తర్వాత ఏది చెయ్యాలో చెప్పే బొమ్మ ముందే ఇస్తారు, దాన్ని ప్యాటర్న్ అంటారు. అది బట్టీ పట్టాలి. నేను పార్కింగ్ లాట్‌లో చాక్‌పీస్‌తో గీసుకుని కాలినడకన నాలుగు రౌండ్లు వేశా. పక్క ఫ్లాట్ అంకుల్ వాకింగ్‌కి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు.

ప్యాటర్న్‌లో నడక, ట్రాట్, లోప్ మూడూ ఉండాలి. తాళం తెలిసినవాళ్లకి ఇవి చెప్పడం సులువు. నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి, తకధిమి. ట్రాట్‌లో ముందు కాలు, దానికి ఎదురు మూలనున్న వెనక కాలు జంటగా పడతాయి, తక తక. లోప్ మూడు దెబ్బలు, తకిట తకిట. కళ్లు మూసుకుని జీనులో కూర్చున్నా గుర్రం ఏ నడకలో ఉందో నడుముకి తెలిసిపోతుంది.

ఒక్కో కదలిక వెనకా ఒక పని ఉంది. నాకు ఈ ఆట నచ్చింది అందుకే. సాగదీసిన ట్రాట్ ఉంటుంది, ఎక్స్‌టెండెడ్ ట్రాట్ అంటారు. ఎందుకంటే రాంచ్‌లో మంద మేసే చోటు మైళ్ల దూరం. పొద్దున్నే గుర్రం అలిసిపోకుండా అక్కడికి చేరాలంటే అదే సరైన వేగం. ఆ నడకలో మనిషి రికాబుల మీద లేచి నిలబడొచ్చు, జీను ముందుండే కొమ్ము పట్టుకోవచ్చు, మార్కులు తగ్గించరు. పనిలో ఉన్నవాడు పట్టుకుంటాడు కదా! తర్వాత ఎక్స్‌టెండెడ్ లోప్. మందలోంచి విడిపోయి పారిపోతున్న ఆవుకి అడ్డం వెళ్లాలి కాబట్టి. ఆవు తిరిగాక ఇంకా ఉరికితే మంద మొత్తం బెదురుతుంది, కాబట్టి వెంటనే మామూలు లోప్‌కి దిగాలి. ఆ దిగడమే కష్టం. వేగం పెంచడం ఏ గుర్రమైనా చేస్తుంది. పగ్గాలు లాక్కోకుండా, తల ఎగరెయ్యకుండా తగ్గే గుర్రం వేరు. సైడ్ పాస్ అంటే గుర్రం ముందుకీ వెనక్కీ పోకుండా పక్కకి అడుగులెయ్యడం. కిందికి దిగకుండా గేటు గడియ తియ్యాలంటే గుర్రం గేటు పక్కకి అలా జరగాలి. కర్రలు దాటించడం ఎందుకంటే, పొలంలో పడిపోయిన చెట్టు మీకోసం లేచి పక్కకి తప్పుకోదు.

పగ్గాలు ఎన్ని చేతులతో పట్టాలన్నదీ పని నుంచే వచ్చింది. రెండో చేతిలో తాడుండాలి కాబట్టి ఒంటి చేత్తో. ఐదేళ్లు, అంతకంటే తక్కువ వయసు గుర్రాలు ఇంకా నేర్చుకుంటున్నట్టు లెక్క, తేలిక కళ్ళెంతో రెండు చేతులూ వాడొచ్చు. ఆరు నిండితే ఒక్కటే. మావాడికి 17.

ఇప్పుడు మార్కులు. అందరూ 70తో మొదలు. ప్రతి కదలికకీ మైనస్ ఒకటిన్నర నుంచి ప్లస్ ఒకటిన్నర దాకా, అర చొప్పున. సున్నా వస్తే బాధపడక్కర్లేదు, సరిగ్గా చేశావని అర్థం. ప్రోగ్రామర్లకిది కొత్త కాదు, ప్రోగ్రామ్ ఏ గొడవా లేకుండా ముగిస్తే వెనక్కిచ్చేది సున్నాయే. ఇవి కాక పెనాల్టీలు. లోప్‌లో ఉండాల్సినవాడు ట్రాట్‌లోకి జారితే మూడు. తన్నడం, కొరకడం, ముందుకాళ్లెత్తడం లాంటి తిరుగుబాటుకి ఐదు. మరీ నిదానంగా వెళ్తే ఒకటి.

ఆ చివరిది చూసి మా బార్న్‌లో పెద్దవాళ్లు నవ్వుకుంటారు. వెస్ట్రన్ ప్లెజర్ అని ఇంకో క్లాసుంది. అరేనా అంచున గుర్రాలన్నీ తల కిందికి దించి, నేల వాసన చూస్తున్నట్టు, మెల్లగా, ఇంకా మెల్లగా. అది గొప్ప శిక్షణే, కాదనను. కానీ ఆ వేగంతో మందని మళ్లించడానికి వెళ్తే, మనం చేరేసరికి దూడలు పెద్దవైపోతాయి. రాంచ్ క్లాసులు ఇంతమందికి నచ్చడానికి కారణం సగం అదే. గుర్రం ఎక్కడికో పని మీద వెళ్తున్నట్టు ఉండాలి, చెవులు ముందుకి, కళ్లు దారి మీద.

శనివారం పొద్దున ఐదింటికి ట్రైలర్ ఎక్కించాం. అమ్మ షరతు ప్రకారం నెత్తిన హెల్మెట్. టోపీ బదులు హెల్మెట్ పెట్టుకుంటే మార్కులు పోవు. పొడుగు చేతుల చొక్కా, ట్రైనర్ అరువిచ్చిన బెల్టు. పదింటికే ఎండ మొదలైంది.

మొదటిది రాంచ్ రైల్. పద్నాలుగు గుర్రాలు ఒకేసారి అరేనా చుట్టూ. బిస్కెట్ ఆరోవాడు. ముందు తోక కనిపిస్తుంటే వాడికదే స్వర్గం.

ట్రైల్ క్లాసులో చిన్న చెక్క వంతెన, తాడుతో చేసిన గేటు, స్తంభానికి వేలాడే రెయిన్ కోటు. ఆ కోటు తీసి తొడుక్కుని మళ్లీ అక్కడే పెట్టాలి. ఖరీదైన గుర్రాలు ఆ పసుపు కోటు చూసి పక్కకి గెంతాయి. బిస్కెట్ పన్నెండేళ్లలో ఎంతమంది పిల్లల రెయిన్ కోట్లు, వాటర్ బాటిళ్లు, ఏడుపులు చూసుంటాడో! కోటు తల మీదుగా వెళ్తున్నా ఒక కాలికి విశ్రాంతి ఇచ్చి నిలబడ్డాడు. తొమ్మిది మందిలో రెండో స్థానం.

రాంచ్ రైడింగ్‌లో పదకొండు మంది. అక్కడ ముందు తోక లేదు. ఖాళీ అరేనాలోకి ఒంటరిగా నడవాలి. వాడు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, పెద్దగా ఊపిరి వదిలి, నడిచాడు. నిజంగా నడిచాడు, ఆఫీసుకి లేటైనవాడిలా. ఎక్స్‌టెండెడ్ ట్రాట్‌లో నేను రికాబుల మీద లేచి కొమ్ము పట్టుకున్నా, గాలి చెవుల్లో మోగింది. ఎడమవైపు లోప్‌లో క్యాంపు రోజులు గుర్తొచ్చాయో ఏమో, నిదానించాడు. కర్రల మీదుగా మాత్రం ఒక్కదాన్నీ తాకలేదు.

గంట తర్వాత ఆఫీసు గోడకి షీట్లు అంటించారు. నాది ఫొటో తీసుకున్నా. నడక ప్లస్ అర. ఎక్స్‌టెండెడ్ ట్రాట్ ప్లస్ అర. కర్రలు ప్లస్ అర. ఎక్స్‌టెండెడ్ లోప్ మైనస్ అర. వెనక్కి నడవడం మైనస్ అర. మిగతావన్నీ సున్నా. ఎడమ లోప్ గడిలో పెనాల్టీ ఒకటి, మరీ నిదానం. మొత్తం 69.5. నాలుగో స్థానం, తెల్ల రిబ్బన్.

ఆ షీటు ముందు చాలాసేపు నిలబడ్డా. ఆఫీసులో, పేరెందుకు లెండి, ఏడాదికోసారి నాకూ ఒక రేటింగ్ వస్తుంది. ఏ పనికి ఎంతిచ్చారో, ఎక్కడ తగ్గించారో కనపడదు. "ఇంకాస్త విజిబిలిటీ పెంచుకో" అని ఒక వాక్యం ఉంటుంది. ఇక్కడ ముక్కూ మొహం తెలియని జడ్జి 15 డాలర్లకి పదకొండు గడులు నింపి, ఏ అడుగు దగ్గర ఏం తగ్గిందో చెప్పాడు. మా మేనేజర్‌కి ఒక ఖాళీ షీట్ పంపాలని ఉంది. పంపను, వీసా ఉంది కదా.

ట్రైలర్ దగ్గర జీను విప్పుతుంటే ఒక కుటుంబం వచ్చింది. అమ్మ, నాన్న, పదకొండేళ్ల అమ్మాయి. ట్రైల్ క్లాసు చూశారట. "ఆ రెయిన్ కోటు గుర్రం ఇదేనా?" అని ఆ అమ్మాయి అడిగింది. ఇది అమ్మకానికుందని మా ట్రైనర్ ఎంత మామూలుగా చెప్పిందంటే, నేనే వాతావరణం గురించేమో అనుకున్నా.

రెండు వారాల తర్వాత వాళ్ల తరఫున డాక్టర్ వచ్చాడు. గుర్రం కొనేముందు పరీక్ష చేయిస్తారు. కాలు మడిచి కాసేపు పట్టుకుని, వదిలిన వెంటనే ట్రాట్ చేయిస్తారు. నొప్పుంటే కుంటుతుంది. కుడి వెనక కాలితో బిస్కెట్ నాలుగడుగులు బిగిసిపోయి నడిచాడు. కీలు అరుగుదల. యజమాని ముసలావిడ కంచె పట్టుకుని నేల చూస్తున్నారు. నేను డాక్టర్ మొహం చూస్తున్నా. ఆయన ఆ తండ్రితో అన్నది ఇంతే: "పదిహేడేళ్లవాడికి ఇది మామూలే. దూకించకండి, రోజూ కదిలించండి. ఈ పనికైతే సరిపోతాడు." తండ్రి ఫోన్‌లో నా స్కోర్ షీట్ ఫొటో ఇంకోసారి పెద్దది చేసి చూశాడు. ఆ పని ఏంటో అందులో రాసుంది.

బిస్కెట్ జూలైలో వెళ్లిపోయాడు, ఇక్కణ్ణుంచి రెండు గంటల దూరం. వాడి అమ్మకం డబ్బుతో యజమాని ముసలావిడ కూతురి ఊరికి సామాను లారీ మాట్లాడుకున్నారు. పోయిన వారం ఆ అమ్మాయి వాళ్లమ్మ నాకు ఒక ఫొటో పంపింది. వాళ్ల కౌంటీ షో, పిల్లల రాంచ్ రైడింగ్, 66. ఎడమ లోప్ గడిలో మళ్లీ పెనాల్టీ ఒకటి, మరీ నిదానం. నడక ప్లస్ అర.

మా బార్న్‌లో ఇప్పుడు ఐదేళ్ల ఆడగుర్రం ఒకటుంది, దానికి రెండు చేతులూ వాడొచ్చు. అక్టోబర్ షోకి పేరిచ్చా. మీలో అమెరికాలో ఉన్నవాళ్లు మీ కౌంటీ అరేనా పేజీ ఒకసారి చూడండి. నేను వెళ్లిన ఓపెన్ షోల్లో చూసేవాళ్లకి టికెట్ లేదు. మెట్లు మాత్రం ఇనుపవి, పన్నెండింటికి దోసె పెనంలా కాలతాయి. మడత కుర్చీ పట్టుకెళ్లండి.